నిలబడేంత బిగువు

వన్ టౌన్‌లో ఎండుచేపల గంప ముందు కూర్చున్న గురువమ్మకి ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం ఇష్టం ఉండదు. దాన్ని అద్దంలా మొహం ముందు పట్టుకుని, స్పీకరు పెట్టి, అవతలి మనిషి నడిసముద్రంలో ఉన్నట్టు కేకలేస్తుంది. ఆ పూట అవతల ఉన్నది ఆవిడ కూతురు ఆశ, ఆస్పత్రిలో నర్సు. ఇవతల సందులో రెండు ఆటోలు ఎదురెదురుగా ఇరుక్కుని, నువ్వు వెనక్కి తియ్యంటే నువ్వు తియ్యని హారన్లతో తిట్టుకుంటున్నాయి.

“అమ్మా, మావకి డాక్టరమ్మ మజిల్ రిలాక్సెంట్ రాసింది!”

ముందు ముక్కలన్నీ ఆటోల చక్రాల కింద పడి నలిగిపోయాయి. ఆఖరి ముక్క ఒక్కటే ప్రాణాలతో గురువమ్మ దాకా వచ్చింది.

“సెంటా? ఎన్నే?”

“రోజుకి మూడు!”

ఈసారి ‘రోజు’ కూడా హారన్ పాలయింది. గురువమ్మ గంప వదిలేసి లేచి నిలబడింది.

“ఓలమ్మో! ఇన్నారేటర్రా? మా తమ్ముడు రాముకి మూడు సెంట్లు రాసేసారంట! మా గుంటే రాయించింది. నర్సంటే అలాగుండాల!”

సాయంత్రానికి ఆ మూడు సెంట్లు జాలరిపేట చేరాయి. పేట మొదట్లో అవి మద్దిలపాలెం దగ్గర ఉన్నాయి. పేట చివరికి వచ్చేసరికి ఆటోనగర్ అవతలికి జరిగాయి గానీ, రోడ్డు పక్క బిట్టుగా మారాయి. పడవల దగ్గర వల అల్లుతున్నవాళ్ళు మాత్రం అది స్థలం సెంటు కాదు, వాసన సెంటనీ, పీలిస్తే నరాలు చల్లబడతాయనీ తేల్చారు. రాము పెళ్ళాం నూకాలు ఈ రెండో పార్టీ. మందుల కవరు ఇంటికి రాగానే మాత్రల అట్ట తీసి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది.

“వదినా, దీనికేటి వాసన నేదే?”

ఆశ పడీ పడీ నవ్వి, అది సెంటు కాదు, రిలాక్సెంటు, బిగుసుకుపోయిన కండని సడలించే మాత్ర అని ఇంట్లోవాళ్ళకి చెప్పింది. ఇంట్లోవాళ్ళకి అర్థమైంది. కానీ వన్ టౌన్ నడిబొడ్డున అరిచిన మాటని మళ్ళీ వెళ్ళి వెనక్కి తీసుకోవడం గురువమ్మ ఒంట్లో లేదు. “స్థలం ఏడనే?” అని ఎవరైనా అడిగితే, “కాయితాలు నడుత్తన్నాయి” అని గంభీరంగా తలాడించేది. నిజానికి ఆవిడ తమ్ముడు కూడా నడవలేకపోతున్నాడు, కాయితాల మాట దేవుడెరుగు.

రాము మరబోటు సరంగు. బోటు నడిపేవాడు, బోటులో అందరి ప్రాణాలకీ పూచీ పడేవాడు. కిందటేడు ఐసు గదిలోకి దిగుతూ నిచ్చెన మీంచి జారి, వెన్ను దెబ్బతిని, నెలల తరబడి మంచం పట్టాడు. ఆశ పనిచేసే వార్డే అతన్ని మళ్ళీ కూర్చోబెట్టింది. కాళ్ళు చావలేదు, కానీ సరంగు కింద పనిచేస్తూ సరంగు మాటే వినని కళాసీల్లా తయారయ్యాయి. వంగమంటే వంగవు. కొయ్యల్లా బిగుసుకుపోతాయి. దుప్పటి తగిలితే చాలు, ఎగిరి తంతాయి. ఒకసారి నూకాలు లుంగీ కట్టబోతే కుడికాలు లేచి టిఫిను క్యారియరుని గుమ్మం అవతలికి పంపింది. “ఊరికే కూకున్నా గోలు కొట్టీగల్ను,” అన్నాడు రాము. అందరూ నవ్వారు. తన్ను తిన్న క్యారియరు సొట్ట మాత్రం పోలేదు, తన్నిన కాలికి నొప్పీ పోలేదు.

“మావా, సూడు,” అని ఆశ మంచం పక్కన కూర్చుని చెప్పింది మొదటి మాత్ర వేస్తూ. “కండకి బిగుసుకోడం ఒకటే తెలుసు. ఇంక ఒగ్గేయ్ అని పైనుంచి మాట రావాల. నీ ఎన్నులో ఆ మాట దిగే దారి దెబ్బతింది. ఒగ్గేయ్ అన్నది కిందకి ఇనబడక అది పట్టుకునే ఉంటంది. ఈ మాత్ర ఆ మాట సెప్తాది.”

“అంటే నా కాలికి సరంగు ఇప్పుడు ఈ మాత్రన్నమాట.”

“సరంగువి నువ్వే. ఇది నీ కేక ఇనిపించే మైకు. తిన్నాకే ఏసుకో, పరగడుపున ఒద్దు, కడుపులో తిప్పుతాది. మత్తుగా ఉంటాది, ఒక్కడివే లెగకు. ఇంకోటి, నిన్ను సూడ్డానికి కళాసీలు సీసా పట్టుకొత్తారు. మందు మీద మందు పడకూడదు.”

“రెండిట్లో ఏ మందు మానాలో కూడా నువ్వే సెప్పీ కోడలా.”

“మాత్ర మాత్రం మానకూడదు. నాను సెప్పకుండా ఒక్క పూట కూడా.”

ఈ ఆఖరి మాట చెప్పేటప్పుడే కుక్కరు కూసింది, నూకాలు లేచి వెళ్ళింది, గురువమ్మ ఆవిడ వెనకాలే వెళ్ళి ఉప్పు చూసింది, రాము తన జోకుకి తనే నవ్వుకుంటున్నాడు. మాత్ర తిన్నాకే వేసుకోవాలన్నది అందరికీ గుర్తుండిపోయింది.

మాత్ర మెల్లగా పని చేసింది. డాక్టరమ్మ జ్యోతిర్మయి కొద్దికొద్దిగా మోతాదు పెంచింది. ఆశ రోజూ మావ మోకాలు వంచి చూసేది, మడమ మీద పుండు పడుతుందేమో తడిమేది, నిద్ర ఎలా ఉందని అడిగేది, నొప్పి ఎంతని అడిగేది. కాళ్ళు తన్నడం మానేశాయి. లుంగీ గొడవ లేకుండా నడుముకెక్కింది. రాము ఏడాది తర్వాత వెల్లకిలా పడుకుని గురక పెట్టాడు. ఆ గురక గోడ అవతలికి వినబడినందుకు కూడా గురువమ్మ గర్వపడింది. “మా గుంట మందు. ఇన్నారా ఎలా పన్నేసిందో!”

ఒక్క చోటే తేడా వచ్చింది. ఇదివరకు పొద్దున్నే రాము రెండు చేతులతో వసారా రాటని పట్టుకుని, బిగుసుకున్న కాళ్ళ మీదే కాసేపు నిలబడేవాడు. వీధిలోవాళ్ళు “సరంగూ!” అని పిలిస్తే గెడ్డం పైకెత్తేవాడు. ఇప్పుడు లేవబోతే మోకాళ్ళు తడిసిన కాగితంలా మడతపడుతున్నాయి. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. మాత్ర కాళ్ళ బింకం తీసింది గానీ మనిషి బింకం జోలికి పోలేదు మరి.

చెప్పకపోవడానికి కారణం ఉంది. చేపల వేట నిషేధం అయిపోవస్తోంది. రెండు నెలలు ఒడ్డున ఊరకున్న బోట్లన్నిటికీ ఒకే రోజు వేట తెరుస్తారు. ఆ రోజు సరంగు జెట్టీ మీద కాళ్ళూని నిలబడి, బోటు మూతికి పసుపు రాసి, వేపమండ కట్టి, గంగమ్మని తలుచుకుని బోటుని జెట్టీకి కట్టిన మోకు తన చేత్తో విప్పాలి. కూర్చుని విప్పకూడదు. పేటలో ఎప్పటినుంచో అదే పద్ధతి. రాము బోటు కళాసీల్లో పెద్దవాడు చందు ముందే వచ్చి చెప్పేశాడు. “బావా, నువ్వు నిలబడి మోకు ఇప్పితే ఎల్తాం. నేకపోతే ఇంకో సరంగు కింద సేరం, బోటూ కదపం.”

“ఎల్తారేటి, ఎల్లరేటి! నాను నిలబడతాను,” అన్నాడు రాము, కూర్చునే.

మోకు విప్పే ముందు మూడు దినాల మొక్కు ఉంది. ఆ మూడు దినాలూ సరంగు అన్నం ముట్టడు, కొబ్బరినీళ్ళు తప్ప. పేటకి పెద్దదిక్కు చిలకమ్మ గుమ్మంలోకి వచ్చి, “మంచం మీదున్నోడు, ఈడికి ఉపాసం ఒద్దులే,” అంది జాలిగా. ఆ జాలి గురువమ్మకి చేప ముల్లులా గుచ్చుకుంది.

“ఎందుకొద్దూ? మా తమ్ముడు మంచం మీదున్నా సరంగే. ఉంటాడు ఉపాసం!”

రాము ఉన్నాడు. మొదటి రోజు పొద్దున్న నూకాలు మాత్రా, మంచినీళ్ళూ తెచ్చి నిలబడిపోయింది.

“తిన్నాకే ఏసుకోమంది కోడలు,” అన్నాడు రాము. “నాను తిన్ను. మరెలాగ ఏసుకుంటాను?”

నూకాలు ఆడపడుచు వైపు చూసింది. గురువమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “మా గుంట సెప్పింది సెప్పినట్టు జరగాల. పరగడుపున ఒద్దంది కదా, ఒద్దు. అది ఆస్పత్రిలో ఊరికే నర్సవలేదు.”

అలా కూతురి మాట తూచా తప్పకుండా పాటించి, కూతురు వద్దన్న పనే చేయించింది. మాత్రలు అట్టలో ఉండిపోయాయి.

మర్నాడు రాము లేచి రాట పట్టుకుని నిలబడ్డాడు! కాళ్ళు మళ్ళీ కొయ్యలయ్యాయి. వీధి అంతా చేరింది. గురువమ్మ ఆస్పత్రికి ఫోను చేసింది. “ఒలే, నీ మావ నిలబడ్డాడే! గంగమ్మ మహిమా, నీ మందు మహిమా!” రెండు రోజులుగా వరస డ్యూటీలో పడి ఇటు రాని, ఉపాసం సంగతే తెలియని ఆశ సంతోషపడింది, ఫోను పెట్టాక కొంచెం ఆశ్చర్యపడింది. మోతాదు పెంచిన వారంలో మోకాళ్ళు గట్టిపడటమేమిటి? సాయంత్రం వచ్చి చూస్తానని అనుకుంది. ఆ సాయంత్రం వార్డులో కొత్త కేసు వచ్చింది, రాలేకపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నానికి రాము ఒళ్ళు కాలిపోతోంది. చెమటలు కారుతున్నాయి. దద్దురు లేదు, దోమ లేదు, ఒళ్ళంతా గోక్కుంటున్నాడు. కాళ్ళు వల్లో పడ్డ సొరచేపలా కొట్టుకుంటున్నాయి. అక్కని చూసి, “చందూ, ఇంజను ఆపరా!” అంటున్నాడు. చిలకమ్మ చేతులు జోడించింది. “గంగమ్మ ఒంటి మీదకొచ్చిందర్రా. కర్పూరం ఎలిగించండి.” గురువమ్మ భయంతోనూ గర్వంతోనూ సగం సగంగా వణికింది. అమ్మవారు వాళ్ళింటికే రావాలా మరి!

కర్పూరం వెలిగేసరికి అమ్మవారి కంటే ముందు అమ్మాయి వచ్చింది. ఆశ చెప్పులు కూడా విప్పకుండా మంచం దగ్గరికెళ్ళి నాడి పట్టుకుంది, నుదురు చూసింది, తొడ మీద చెయ్యేసి ఆ బిగువు చూసింది.

“అత్తా, మావ మాత్ర ఎప్పుడేసుకున్నాడు?”

నూకాలు మాత్రల అట్ట తెచ్చి చూపించింది. గురువమ్మే చెప్పింది. “ఉపాసం కదే. తినకుండా ఎలా ఏసుకుంటాడు? నువ్వే ఒద్దన్నావ్.”

ఆశ కళ్ళు ఒక్కసారి మూసి తెరిచింది. ఇది తిట్టే వేళ కాదని ఆ పిల్లకి తెలుసు. “అమ్మా, ఇది అమ్మోరు కాదు. అలవాటైన మాత్ర ఒక్కసారి ఆపేస్తే ఇలాగే అవుతాది. పట్టు సడలించేదాన్ని తీసేస్తే రెట్టింపు పట్టు పడతాది. ప్రాణానికే ముప్పు.” అంటూనే 108కి ఫోను చేసింది, రాముని పక్కకి తిప్పి పడుకోబెట్టింది, చందుని పిలిచి తలగడ పట్టించింది. చిలకమ్మ కర్పూరం ఆర్పేసి, తనే ముందు నడిచి గుమ్మంలో దారి చేసింది.

ఆస్పత్రిలో మళ్ళీ మందు మొదలుపెట్టారు. సెలైన్ ఎక్కించారు. ఆశ డ్యూటీ అయినా, కాకపోయినా మంచం పక్కనే ఉంది. రాముకి తెలివి వచ్చి, అక్కని అక్క అనీ, చందుని చందు అనీ గుర్తుపట్టేసరికి వేట తెరిచేశారు. హార్బరులో బోట్లన్నీ హారన్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాయి. రాముది ఒక్కటే జెట్టీకి కట్టి ఉంది. ఇంకో సరంగు కింద చేరమని ముగ్గురొచ్చి అడిగినా కళాసీలు కదల్లేదు.

గురువమ్మ కూతుర్ని వరండాలోకి లాగింది. ఆవిడ గొంతు జీవితంలో మొదటిసారి చిన్నదైంది.

“పేటలో ఏటంటన్నారో తెలుసా? నర్సు మందేసింది, సరంగు కాళ్ళు మెత్తబడిపోయాయి అంటన్నారు. మందు మానేత్తే నిలబడ్డాడు. ఏసుకుంటే పడతన్నాడు. నాకు ఏటి సెప్పాలో తెల్లేదే. ఇన్నాళ్ళూ నిన్ను సెప్పుకునే బతికాను.”

ఆశకి చివుక్కుమంది. కానీ ‘మందు మానేత్తే నిలబడ్డాడు’ అన్నది చెవిలో ఉండిపోయింది. తిన్నగా మావ దగ్గరికెళ్ళింది.

“మావా, ఇదివరకు రోజూ నిలబడేవోడివా?”

“మరేటి? రాట పట్టుకుని.”

“కాళ్ళు ఎలా ఆనేవి?”

“బిగుసుకుంటే కర్రలవుతాయే. ఆ కర్రల మీదే నిలబడేవోణ్ని. నీ మాత్ర వచ్చి కర్రలు విరిచీసింది. నిద్ర బాగానే ఉంది, కాదన్ను. పడుకుని బతికీగల్ను. నిలబడి మోకు ఇప్పాలి కదా!”

ఆశ మంచం అంచున కూర్చుండిపోయింది. “నొప్పి అడిగాను, నిద్ర అడిగాను, మడమలు కూడా సూశాను. నిలబడ్డం అడగలేదు మావా.”

“నాను సెప్పలేదు కదా.”

“ఎందుకు సెప్పలేదు?”

“పడతన్నానని సెప్పుకుంటాడేటే సరంగు?”

మొక్కుకీ, మోకుకీ మధ్య అడ్డం పడింది మోకాలని అప్పుడు తేలింది.

ఆశ ఆ మాటే డాక్టరమ్మకి చెప్పింది. జ్యోతిర్మయి రౌండ్స్ మధ్యలో ఆగి మరీ విని, స్టూలు లాక్కుని రాము ఎదురుగా కూర్చుంది. మాత్ర వేసుకోక ముందొకసారి, వేసుకున్నాక ఒకసారి నిలబెట్టి చూశారు. ముందు కాళ్ళు నిలిచాయి. తర్వాత కుంగాయి.

“రాముగారూ, మీ బిగువు పూర్తిగా శత్రువు కాదు. సగం చుట్టం,” అంది డాక్టరమ్మ. “చుట్టం రాత్రి నిద్ర చెడగొట్టకూడదు, పొద్దున్న మీకు భుజం ఇవ్వాలి. అంతే కదా? మోతాదు మళ్ళీ సర్దుదాం. ఎక్కువ భాగం రాత్రికి. పొద్దున్నది చిన్నది, అదీ మీరు నిలబడే పని అయ్యాక. మెల్లమెల్లగా మారుద్దాం, ఆశ చూసుకుంటుంది. బాగా పట్టారు ఆశా.”

తలుపు దగ్గర నిలబడ్డ గురువమ్మ ఆ ఆఖరి రెండు మాటల కోసం అటూ ఇటూ చూసింది, ఇంకెవరైనా విన్నారేమోనని. పక్క మంచం ముసలాయన ఒక్కడే మెలకువగా ఉన్నాడు. “ఇన్నావా తాతా? బాగా పట్టిందంట. మా గుంటే!”

అప్పటినుంచి పని మొదలైంది. పొద్దున్నే ఫిజియో కుర్రాడూ, ఆశా కలిసి రాముని నిలబెట్టేవారు. ఆశ వెనకనుంచి నడుం బెల్టు పట్టుకునేది. పూర్తిగా వదులైతే కాలు కుంగేది. మరీ బిగుసుకుంటే ఎగిరేది. ఆ రెండిటి మధ్యా ఒక చోటుంది, ఇంజను నిదానంగా తిరిగే చోటు. దాన్ని రాము కాలితో వెతుక్కున్నాడు, ఆశ చెయ్యేసి వెతికింది. దొరికినప్పుడు ఇద్దరికీ ఒకేసారి తెలిసేది. “ఇదే కోడలా, ఇక్కడ పట్టు.” “పట్టాను మావా. నువ్వు ఒగ్గకు.”

పొద్దుటి చిన్న మాత్ర మాత్రం నిలబడ్డం అయ్యాక, ఇడ్లీ తిన్నాక. అది నూకాలు తనే దగ్గరుండి మింగించింది.

ఊరి బోట్లన్నీ ఒక వేట చేసుకుని తిరిగొచ్చాక, ఒక ఉదయం హార్బరు జెట్టీ మీద జాలరిపేట సగానికి సగం చేరింది. ఒక్క బోటు కోసం. అంత జనం వేట తెరిచిన రోజు కూడా రాలేదు. చిలకమ్మ పసుపూ, వేపమండలూ పళ్ళెంలో పెట్టుకొచ్చింది. మొక్కు సంగతి ఆవిడే తేల్చేసింది. “మాత్ర తిండి కాదు. మాత్రకి ముందు పెట్టే రెండు ముద్దలు కూడా తిండి కాదు, మాత్రకి తోడు. గంగమ్మకి ఆమాత్రం తెల్దేటి?”

రాము చక్రాల కుర్చీలో వచ్చాడు. చందు చెయ్యివ్వబోతే కళ్ళతోనే ఆపాడు. ఆశ వెనక నిలబడి బెల్టు పట్టుకుంది. ఆ రోజు యూనిఫారం వేసుకురాలేదు, అమ్మ చీర కట్టుకొచ్చింది. చెయ్యి మాత్రం నర్సు చెయ్యే.

రాము ముందుకి వంగాడు. లేచాడు. మోకాళ్ళు ఒకసారి వణికాయి. గురువమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. వణుకు ఆగింది. కాళ్ళు పట్టుకున్నాయి, కొయ్యల్లా కాదు, కాళ్ళలాగే. రాము బోటు మూతికి పసుపు రాశాడు. వేపమండ కట్టాడు. “గంగమ్మ తల్లీ!” అని కేకేసి మోకు విప్పి నీళ్ళలోకి విసిరాడు.

రాము బదులు బోటెక్కి చుక్కాని అందుకున్న చందు హారన్ నొక్కాడు, నొక్కి వదల్లేదు. ఆడవాళ్ళు ఏడ్చారు, మగవాళ్ళు గాలికి కళ్ళల్లో ఏదో పడిందన్నారు. రాము గెడ్డం పైకెత్తి, బోటు మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత మెల్లగా, “కోడలా, ఇంక కూకోబెట్టీ,” అన్నాడు. ఆశ కూర్చోబెట్టి, సంచిలోంచి ఇడ్లీ పొట్లం, మాత్ర తీసింది.

అది చూసి వన్ టౌన్ నుంచి పనిగట్టుకొచ్చిన, చేపలమ్మే ఒకావిడ అడిగింది. “గురువమ్మా, అన్నీ బాగున్నాయి గానీ, ఆ మూడు సెంట్లు ఏడనే? నాలుగు మాసాలై కాయితాలు నడుత్తన్నాయి!”

“నాలుగేటి, రెండే!” అంది గురువమ్మ, అలవాటు కొద్దీ. పేటంతా ఇటు తిరిగింది. వాసన పార్టీ ఒకవైపు, స్థలం పార్టీ ఒకవైపు. గురువమ్మ కూతురి చేతిలోంచి మాత్రల అట్ట లాక్కుని, అందరికీ కనబడేలా పైకెత్తి, స్పీకరు అక్కర్లేని గొంతుతో మొదలెట్టింది.

“ఇదిగోనర్రా మీ సెంట్లు! స్థలం కాదు, అత్తరూ కాదు. రి-లాక్-సెంటు! ఆటోగాళ్ళు అరిసేసరికి ముందు ముక్క నాకు ఇనబడలేదు. ఇనబడినాక సెప్పడానికి నాకు సిగ్గేసింది. మూడు సెంట్లు కాదు, రోజుకి మూడు మాత్రలు. కండ బిగుసుకుంటే ఒగ్గేయ్ అని సెప్తాది. ఎక్కువైతే మనిషి జారిపోతాడు, ఒక్కపాలి ఆపేత్తే ప్రాణం మీదకొత్తాది. తినీ ఏసుకోవాల, మానకుండా ఏసుకోవాల, రెండూ! నాను ఒకటే ఇన్నాను, అందుకే నా తమ్ముణ్ని సంపుకోబోయాను. ఎప్పుడెంత పట్టు ఉంచాలో, ఎప్పుడెంత ఒగ్గాలో సూసింది మా గుంటా, డాక్టరమ్మా. అర్థమైందా అందరికీ?”

“అయితే స్థలం లేనట్టేనా?” అన్నాడు స్థలం పార్టీలోంచి ఒకడు, ఇంకా పట్టు వదలక.

రాము ఇడ్లీ నములుతూ జెట్టీ మీద తను నిలబడ్డ చోటు చూపించాడు. బోటు మూతికి రాసినప్పుడు రాలిన పసుపు పొడి మధ్య రెండు పాదాల గుర్తులు ఖాళీగా ఉన్నాయి.

“ఎందుకు లేదు? అదిగో. నాకు సరిపోయింది.”